లైను వేగాన్ని డిస్కు వేగంలోకి మార్చడం: బిట్లు, బైట్లు, కోతలు, గంటల లెక్క

300 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాను ఉంది, డౌన్‌లోడ్ మాత్రం సెకనుకు 35 ఎంబీ దగ్గరే ఆగుతోంది. 6 జీబీపీఎస్ అని రాసి ఉన్న సాటా (డిస్కును కంప్యూటర్‌కు కలిపే ఒక రకం పోర్టు) ఎస్‌ఎస్‌డీ పెట్టాం, కాపీ 550 ఎంబీ దాటడం లేదు. ఈ రెండు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. నిజానికి రెండు చోట్లా పరికరం బాగానే పనిచేస్తోంది. లెక్కే సగంలో ఆగింది.

లైను అమ్మేవాళ్లు బిట్లలో చెబుతారు. డిస్కు అమ్మేవాళ్లు బైట్లలో చెబుతారు. ఇంటర్‌ఫేస్ (పరికరాలను కలిపే పోర్టు) పేరులో ఉండే అంకె ఒక్కోసారి ఈ రెండూ కాదు, తీగ మీద పారే సంకేతాల సంఖ్య. వీటిని ఉన్నవి ఉన్నట్టుగా పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పోల్చదగినది ఒక్కటే: మీ ఫైలుకు చెందిన బైట్లు సెకనుకు ఎన్ని కదులుతున్నాయి. కింది మెట్లన్నీ ఆ అంకెను రాబట్టడానికే. గుణింపులు, భాగింపులు ఏ వరుసలో చేసినా జవాబు ఒకటే అయినా, ఈ వరుసలో రాసుకుంటే ఒక కోతను రెండుసార్లు వేయడం, మరొకదాన్ని మర్చిపోవడం జరగదు.

## 1. ముందుగా రాసి పెట్టుకోవాల్సినవి

కాగితం మీద ఈ వివరాలు లేకుండా లెక్క మొదలుపెట్టకండి. సగం తప్పులు ఊహించి వేసిన అంకెల వల్లే వస్తాయి.

☐ లైను రకం, ప్లాను వేగం. డౌన్‌లోడ్, అప్‌లోడ్ విడివిడిగా

☐ ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి తగిలే ఇంటి పెట్టె), రౌటర్, స్విచ్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వా, 1 జీబీపీఎస్‌వా

☐ కంప్యూటర్ దాకా వచ్చేది కేబులా, వైఫైనా

☐ డిస్కు రకం, అది తగిలించిన పోర్టు. యూఎస్‌బీ 3.0 డిస్కు యూఎస్‌బీ 2.0 పోర్టులో ఉంటే 2.0 కిందే లెక్క

☐ డిస్కు రాసే వేగం. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండేది దాదాపు ఎప్పుడూ చదివే వేగమే

☐ మొత్తం డేటా ఎన్ని జీబీ, ఎన్ని ఫైళ్లు

☐ నెలవారీ ఎఫ్‌యూపీ పరిమితి (పూర్తి వేగంతో వాడుకోగల డేటా కోటా)

## 2. యూనిట్లను ఒకే తీరుకు తెచ్చుకోండి

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినప్పుడు చిన్న బి అంటే బిట్, పెద్ద బి అంటే బైట్. తెలుగులో రాసేటప్పుడు ఆ తేడా కనబడదు కాబట్టి ఇక్కడ మెగాబిట్లకు ఎప్పుడూ ఎంబీపీఎస్ అనీ, మెగాబైట్లకు ఎప్పుడూ ఎంబీ/సె అనీ రాస్తున్నాం. ఒక బైటుకు 8 బిట్లు.

విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ఒకే కిటికీలో ఈథర్నెట్ గ్రాఫు బిట్లలో, డిస్కు గ్రాఫు బైట్లలో ఉంటాయి. నెట్‌వర్క్ 280, డిస్కు 35 చూపిస్తే ఏదో పోయిందని కంగారు పడక్కర్లేదు. 280ని 8తో భాగిస్తే 35.

రెండో చిక్కు 1000, 1024ల మధ్య ఉంది. లైన్ల ప్రపంచంలో మెగా అంటే కచ్చితంగా 10 లక్షలు. డిస్కు తయారీదార్లూ అంతే: 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024ను 1024తో గుణించి, 10,48,576 బైట్లను ఒక ఎంబీ అంటుంది. అందుకే 1 టీబీ డిస్కు అందులో 931 జీబీగా కనిపిస్తుంది. మ్యాక్‌లో అదే డిస్కు 1 టీబీగానే ఉంటుంది.

పాటించాల్సిన పద్ధతి సులువే. లెక్కంతా 1000తోనే చేయండి. విండోస్‌లో ఏ అంకె కనిపిస్తుందో తెలియాలంటే చిట్టచివర ఒక్కసారి మార్చండి:

- ఎంబీ అయితే 0.9537తో గుణించాలి
- జీబీ అయితే 0.9313తో గుణించాలి
- టీబీ అయితే 0.9095తో గుణించాలి

మధ్యలో ఎక్కడా 1024 రాకూడదు. వచ్చిందంటే ఎంబీలో ఒకసారి, జీబీలో ఇంకోసారి కలిసిపోయి, చివర్లో ఏ అంకె ఎందుకు తగ్గిందో పట్టుకోవడం కష్టమవుతుంది.

## 3. పేరులోని అంకె కోడింగ్‌కు ముందుదా, తర్వాతదా?

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అందుకే కాస్త నెమ్మదిగా చదవండి.

తీగ మీద బిట్లను ఉన్నవి ఉన్నట్టు పంపితే, వరుసగా సున్నాలు వచ్చినప్పుడు అవతలి చిప్ గడియారం తప్పుతుంది. అందుకని ప్రతి 8 బిట్లను 10 బిట్లుగా మార్చి పంపే పద్ధతి పుట్టింది. దీన్ని 8బీ/10బీ కోడింగ్ అంటారు. ఇందులో అయిదో వంతు తీగ కోసమే పోతుంది. కొత్త ఇంటర్‌ఫేస్‌లు 128బీ/130బీ లాంటివి వాడతాయి కాబట్టి అక్కడ పోయేది ఒకటిన్నర శాతమే.

ఇప్పుడు అసలు మెలిక. ఈథర్నెట్ వేగం పేరు కోడింగ్ తీసేశాక మిగిలేది. 1 జీబీపీఎస్ ఫైబర్ ఈథర్నెట్ లింకు మీద నిజంగా సెకనుకు 125 కోట్ల సంకేత బిట్లు పారుతాయి. కోడింగ్ పోగా మిగిలిన 100 కోట్లనే పేరుగా పెట్టారు. 10 జీబీపీఎస్‌లోనూ అంతే: తీగ మీద 10.3125, పేరులో 10.

సాటా పద్ధతి దీనికి తలకిందులు. 6 జీబీపీఎస్ అన్నది తీగ మీది అంకె. 8బీ/10బీ కోత ఇంకా పడలేదు. కాబట్టి ఒక బైటు వెళ్లడానికి 8 కాదు, 10 బిట్లు కావాలి.

- ఈథర్నెట్: 8తో భాగించండి. 1000 ఎంబీపీఎస్ ÷ 8 = 125 ఎంబీ/సె
- సాటా, 5 జీబీపీఎస్ యూఎస్‌బీ (3.0), 12 జీబీపీఎస్ దాకా ఉన్న శాస్ (సర్వర్ డిస్కుల పోర్టు): 10తో భాగించండి. సాటా 6000 ÷ 10 = 600 ఎంబీ/సె
- 10 జీబీపీఎస్ యూఎస్‌బీ: 128/132తో గుణించి 8తో భాగించండి. 1212 ఎంబీ/సె
- పీసీఐ ఎక్స్‌ప్రెస్ (మదర్‌బోర్డు మీది స్లాటు) 3.0, 4.0: 128/130తో గుణించి 8తో భాగించండి. ఒక్కో లేన్‌కు (డేటా దారికి) సుమారు 985, 1969 ఎంబీ/సె

సాటాను 8తో భాగించి 750 ఎంబీ/సె రావాలని వాదించేవాళ్లు ఎక్కువ. ఆ 750 ఏ సాటా డిస్కుకూ ఎప్పటికీ రాదు. అలాగే జ్ఞాపకం పెట్టుకోవడం తేలికని ఈథర్నెట్‌ను 10తో భాగించడమూ సరికాదు. 100 ఎంబీ/సె వస్తుందనుకుని, 112 కనిపించగానే మీటరు తప్పని అనుమానిస్తారు.

యూఎస్‌బీ 2.0లో ఈ కోడింగ్ లేదు. 480ని 8తో భాగిస్తే 60 వస్తుంది గానీ ఆ ప్రోటోకాల్ మాట్లాడుకునే తీరువల్ల ఫైలుకు 35 నుంచి 40 ఎంబీ/సె దక్కితే గొప్ప.

## 4. టెలికాం లైన్ల అసలు సామర్థ్యం

ఈ1 (టెలిఫోన్ కంపెనీలు ఇచ్చే డిజిటల్ లైను). ఒక్క ఫోను గొంతుకు సెకనుకు 8000 నమూనాలు, నమూనాకు 8 బిట్లు, అంటే 64 కేబీపీఎస్. అలాంటి 32 స్లాట్లు (వంతులు) కలిస్తే 2.048 ఎంబీపీఎస్. మొదటి స్లాటు లైను సమన్వయానికి పోతుంది. డేటాకు మిగిలేది 31 స్లాట్లు, 1.984 ఎంబీపీఎస్. గొంతుల కోసం వాడితే సిగ్నలింగ్‌కు ఇంకో స్లాటు పోయి 30 ఛానెళ్లు మిగులుతాయి. భారత్‌లోనూ ఐరోపాలోనూ నడిచేది ఇదే. అమెరికా టీ1 వేరు: 24 స్లాట్లు, లైను మీద 1.544, డేటాకు 1.536 ఎంబీపీఎస్. అక్కడి ఆఫీసుతో లింకు లెక్క వేసేటప్పుడు ఈ1 అంకె వాడేయకండి.

ఎస్‌టీఎం-1 (టెలికాం కంపెనీల ఫైబర్ లైను). డేటా గళ్ల పట్టికలుగా, అంటే ఫ్రేములుగా వెళ్తుంది: 9 వరుసలు, 270 నిలువు గళ్లు, గడికి 8 బిట్లు, సెకనుకు 8000 ఫ్రేములు. గుణిస్తే 155.52 ఎంబీపీఎస్. ఇందులో 10 నిలువు గళ్లు నిర్వహణకు పోగా 260 గళ్లే డేటావి. అంటే 149.76 ఎంబీపీఎస్. 155.52ను నేరుగా 8తో భాగిస్తే 19.44 వస్తుంది. సరైన ఆరంభ అంకె 18.72 ఎంబీ/సె.

జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి). ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువ భాగం ఇదే. కిందికి (డౌన్‌లోడ్) 2.488 జీబీపీఎస్, పైకి (అప్‌లోడ్) 1.244. కానీ ఒక పోర్టును స్ప్లిటర్‌తో 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. 32 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా లాగితే ఇంటికి దక్కేది కిందికి 77.76, పైకి 38.88 ఎంబీపీఎస్. అలా జరగడం అరుదు కాబట్టే ఎక్కువ వేగం ప్లాన్లు అమ్మగలుగుతున్నారు. రాత్రి 8 నుంచి 11 మధ్య వేగం పడిపోతే మాత్రం మొదట అనుమానించాల్సిన చోట్లలో ఇదొకటి.

ఈథర్నెట్ మీద ఇచ్చే లీజ్డ్ లైను (ఒక్క కస్టమర్‌కే కేటాయించిన లైను). పోర్టు 1 జీబీపీఎస్‌ది అయినా కొన్నది 50 ఎంబీపీఎస్ అయితే 50తోనే లెక్క. పోర్టు దీపం రంగు చూసి మోసపోవద్దు.

## 5. హెడర్ల కోత

లైను మీద పోయే ప్రతి ప్యాకెట్‌లోనూ (డేటా ముక్కలోనూ) చిరునామాలు, తనిఖీ బిట్లు ఉంటాయి. ఫైలుకు చెందని ఈ భాగాన్నే ఇక్కడ హెడర్లు అంటున్నాం. ఈథర్నెట్‌లో 1500 బైట్ల ప్యాకెట్ తీగ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటుంది: ఆరంభ సంకేతం 8, హెడర్ 14, తనిఖీ 4, తప్పనిసరి ఖాళీ 12. ఆ 1500లో ఐపీ, టీసీపీ హెడర్లు, టైమ్‌స్టాంప్ కలిసి 52 తీసుకుంటాయి. ఫైలుకు మిగిలేది 1448.

1448ని 1538తో భాగిస్తే 0.9415. గిగాబిట్ లింకు మీద ఫైలుకు దక్కేది 941 ఎంబీపీఎస్, అంటే 117.7 ఎంబీ/సె. విండోస్ అంకెల్లో 112. మంచి కేబులు, మంచి డిస్కులు ఉన్నప్పుడు కాపీ కిటికీలో ఆ 112 స్థిరంగా కనిపించడం లింకు పూర్తి ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు.

వాడాల్సిన గుణకాలు:

- మామూలు ఈథర్నెట్: 0.94
- యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ కనెక్షన్: 0.936. ఇందులో ప్యాకెట్‌కు మరో 8 బైట్లు పోతాయి
- ఈ1, ఎస్‌టీఎం మీద నేరుగా నడిచే రౌటర్ లింకు: 0.96
- వీపీఎన్ (ఇంటర్నెట్ మీద వేసుకునే రహస్య దారి) ఉంటే ప్యాకెట్‌కు మరో 50 నుంచి 70 బైట్లు పోతాయి. పై గుణకంలోంచి ఇంకో 0.04 తీసేయండి
- వైఫై: కంప్యూటర్ చూపించే లింకు వేగంలో సగం. 866 చూపిస్తే 430 వేసుకోండి

ఒక జాగ్రత్త. స్పీడ్ టెస్టులో వచ్చే అంకె హెడర్లు పోగా మిగిలిందే. దానికి మళ్లీ 0.94 వేయకూడదు, 8తో భాగిస్తే చాలు. ప్లాను అంకె నుంచి మొదలుపెడితే కోత వేయాలి, కొలిచిన అంకె నుంచి మొదలుపెడితే వేయకూడదు.

## 6. డిస్కు వైపు: ఇంటర్‌ఫేస్ ఒకటి, లోపలి మాధ్యమం ఒకటి

ఇంటర్‌ఫేస్ గరిష్ఠ హద్దు మాత్రమే చెబుతుంది. సాటా 600 అన్నా లోపల తిరిగే పళ్లెం ఉంటే 600 రాదు.

- హార్డ్‌డిస్క్: 3.5 అంగుళాలది ఖాళీగా ఉన్నప్పుడు 150 నుంచి 200 ఎంబీ/సె దాకా, 2.5 అంగుళాల పోర్టబుల్‌ది 100 నుంచి 130. డేటా మొదట పళ్లెం బయటి అంచున పడుతుంది. డిస్కు నిండేకొద్దీ లోపలి చుట్లకు వెళ్లి వేగం సుమారు సగానికి దిగుతుంది. లెక్కకు సగటు వేసుకోండి
- సాటా ఎస్‌ఎస్‌డీ: 500 నుంచి 550
- ఎన్‌వీఎంఈ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిచే ఎస్‌ఎస్‌డీ), నాలుగు లేన్ల 3.0: హద్దు 3938, మంచివాటికి 3500 దాకా. 4.0 అయితే హద్దు 7877, మంచివాటికి 7000 దాకా
- యూహెచ్‌ఎస్-1 మెమరీ కార్డు: హద్దు 104. వీ30 అని ఉంటే రాసేటప్పుడు కనీసం 30 గ్యారంటీ
- మామూలు పెన్‌డ్రైవ్: చదవడం 100 ఉన్నా రాయడం 10 నుంచి 20 మధ్య ఉండొచ్చు

చవక ఎస్‌ఎస్‌డీల్లో ముందు భాగం వేగవంతమైన క్యాష్‌గా (తాత్కాలిక నిల్వగా) పనిచేస్తుంది. పెద్ద కాపీ మొదట రయ్యిన సాగి, క్యాష్ నిండగానే వేగం ఒక్కసారిగా పడిపోయి, కొన్నింట్లో హార్డ్‌డిస్క్ కన్నా కిందికి దిగుతుంది. మొదటి నిమిషం చూసి సమయం అంచనా వేయకండి. కనీసం 50 జీబీ రాసి, చివర్లో నిలిచిన వేగం తీసుకోండి.

పీసీలో ఒకే హార్డ్‌డిస్క్ నుంచి దానిలోకే కాపీ చేస్తే చదివే తల అటూ ఇటూ పరుగెత్తాలి. సగం కన్నా తక్కువే వస్తుంది.

## 7. దారి మొత్తం రాసి, అతి చిన్న అంకెకు గీత గీయండి

డేటా బయల్దేరే చోటి నుంచి చేరే చోటి దాకా ప్రతి అంచెనూ ఎంబీ/సెలోకి మార్చి ఒకదాని కింద ఒకటి రాయండి. అతి చిన్నదే మీ వేగం. దాన్ని మార్చనంతకాలం మిగతావాటి మీద పెట్టే డబ్బు వృథా.

ఉదాహరణకు ఆఫీసు నాస్ బాక్సు (నెట్‌వర్క్ మీద అందరూ వాడే డిస్కుల పెట్టె) నుంచి ఫైళ్లు తీసుకునే దారి:

- నాస్ లోపలి హార్డ్‌డిస్క్: 150
- నాస్ గిగాబిట్ పోర్టు: 117
- స్విచ్: 117
- ల్యాప్‌టాప్ వైఫై, లింకు 433, సగం 216 ఎంబీపీఎస్: 27
- ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ: 500

ఇక్కడ నాస్‌లో ఎస్‌ఎస్‌డీలు పెట్టినా 27 మారదు. ఒక కేబులు లాగితే 117 అవుతుంది.

ఉల్టా లెక్కా తెలిసి ఉండాలి. డిస్కును పూర్తిగా వాడుకోవాలంటే ఎంత లైను కావాలి? ఎంబీ/సెను 8తో గుణించి 0.94తో భాగించండి. 150 ఎంబీ/సె హార్డ్‌డిస్క్‌కు 1277 ఎంబీపీఎస్ కావాలి, గిగాబిట్ చాలదు, 2.5 జీబీపీఎస్ పోర్టు సరిపోతుంది. 550 ఎంబీ/సె సాటా ఎస్‌ఎస్‌డీకి 4681, అంటే 5 జీబీపీఎస్ పోర్టు. 10 జీబీపీఎస్ లింకును నింపాలంటే 1177 ఎంబీ/సె కావాలి కాబట్టి ఒక్క సాటా ఎస్‌ఎస్‌డీ వల్ల కాదు.

## 8. సమయం లెక్క

రెండు సూత్రాలు చాలు:

- సెకన్లు = జీబీ × 1000 ÷ ఎంబీ/సె
- గంటలు = జీబీ × 2.22 ÷ ఎంబీపీఎస్ (హెడర్ల కోత పోగా మిగిలినవి)

నోటి లెక్కకు ఈ రెండూ గుర్తుంచుకోండి: 100 ఎంబీపీఎస్ గంటకు ఎంత చేసినా 45 జీబీనే మోస్తుంది. 1 ఎంబీపీఎస్ రోజంతా ఆగకుండా పారితే 10.8 జీబీ.

పెళ్లి వీడియో. 256 జీబీ కార్డు నిండింది. రీడర్ యూఎస్‌బీ 3.0, కార్డు చదివే వేగం 90 ఎంబీ/సె, పోర్టబుల్ డిస్కు 110. చిన్నది 90. 2,56,000 ÷ 90 = 2844 సెకన్లు, 47 నిమిషాలు. అదే రీడర్‌ను 2.0 పోర్టులో పెడితే 38 ఎంబీ/సెతో గంటా 52 నిమిషాలు. తర్వాత క్లౌడ్‌కు పంపాలి. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్, పీపీపీఓఈ. 100 × 0.936 ÷ 8 = 11.7 ఎంబీ/సె. 2,56,000 ÷ 11.7 = 21,880 సెకన్లు, 6 గంటల 5 నిమిషాలు. దీనికి పదో వంతు కలిపి 6 గంటల 40 నిమిషాలు అని కస్టమర్‌కు చెప్పండి. 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైలో 40 ఎంబీపీఎస్ మాత్రమే వస్తుంటే అదే పని 14 గంటలు దాటుతుంది.

సీసీటీవీ. 8 కెమెరాలు, ఒక్కోటి 4 ఎంబీపీఎస్. మొత్తం 32 ఎంబీపీఎస్, 4 ఎంబీ/సె. ఏ హార్డ్‌డిస్కైనా ఈ వేగం మోయగలదు. ఇక్కడ సమస్య వేగం కాదు, చోటు. రోజుకు 32 × 10.8 = 345.6 జీబీ. 4 టీబీ డిస్కు పదకొండున్నర రోజులకు నిండుతుంది. 30 రోజుల రికార్డింగ్ ఉండాలంటే 10,368 జీబీ, అంటే 12 టీబీ డిస్కు. ఊళ్లో ఉన్న ఇంటి కెమెరాలను హైదరాబాద్ నుంచి చూడాలంటే మాత్రం ఆ ఇంటి అప్‌లోడ్ లెక్క వస్తుంది: అన్నీ పూర్తి నాణ్యతలో 32 ఎంబీపీఎస్, సబ్‌స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) కెమెరాకు అర ఎంబీపీఎస్ పెడితే మొత్తం 4.

ఈ1 మీద బ్యాకప్. 500 జీబీ డేటాబేస్ పంపాలి. 1.984 × 0.96 ÷ 8 = 0.238 ఎంబీ/సె. 5,00,000 ÷ 0.238 = సుమారు 21 లక్షల సెకన్లు. 24 రోజుల పైమాట. ఇలాంటి చోట మొదటి నకలును డిస్కులో పంపి, లైను మీద రోజువారీ మార్పులే పంపాలి. ఈ లైను రోజంతా ఖాళీ లేకుండా నడిచినా 20.6 జీబీనే మోస్తుంది కాబట్టి రోజు మార్పులు 15 జీబీ దాటితే లైను మార్చక తప్పదు.

డిస్కును బస్సులో పంపితే? 4 టీబీ డిస్కు హైదరాబాద్ నుంచి విశాఖకు 12 గంటల్లో చేరిందనుకోండి. ప్రయాణం ఒక్కటే చూస్తే 740 ఎంబీపీఎస్ లైనుతో సమానం. కానీ ఇక్కడ నింపడానికి, అక్కడ దించడానికి 150 ఎంబీ/సె చొప్పున 7 గంటల 24 నిమిషాలు రెండుసార్లు పడుతుంది. మొత్తం 26 గంటల 49 నిమిషాలు, నిజమైన వేగం 331 ఎంబీపీఎస్. రెండు చివరలా 500 ఎంబీపీఎస్ అప్‌లోడ్, డౌన్‌లోడ్ ఉంటే లైనే మేలు. 100 ఉంటే బస్సే మేలు. ఈ పోలికలో రెండు చివరల కాపీ సమయాన్ని వదిలేయడం చాలా మంది చేసే పొరపాటు.

ఎఫ్‌యూపీ. నెలకు 3300 జీబీ పరిమితి ఉన్న 100 ఎంబీపీఎస్ ప్లానును ఆగకుండా వాడితే 73 గంటల్లో, అంటే మూడు రోజుల పైచిలుకులో కోటా అయిపోతుంది. పెద్ద బ్యాకప్ మొదలుపెట్టే ముందు ఈ లెక్క తప్పక వేయండి. కోటా దాటాక వేగం కొన్ని ఎంబీపీఎస్‌లకు పడితే ముందు వేసిన గంటలన్నీ చెల్లవు.

## 9. దూరం ఎక్కువైతే

పంపినవాడు కొంత డేటా పంపి, అందిందన్న జవాబు కోసం ఆగుతాడు. జవాబు రావడానికి పట్టే సమయమే పింగ్. హైదరాబాద్ నుంచి అమెరికాకు ఇది 200 నుంచి 250 మిల్లీసెకన్లు ఉంటుంది.

పాత సాఫ్ట్‌వేర్ ఒకసారికి 64 కిలోబైట్లే పంపి ఆగితే, 65,535 బైట్లను 0.25 సెకన్లతో భాగించాలి: సెకనుకు 2.62 లక్షల బైట్లు, 2.1 ఎంబీపీఎస్. డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకు వీడియో పంపేటప్పుడు రెండు వైపులా గిగాబిట్ ఉన్నా ఇంతకు మించి రాకపోవడానికి కారణం ఇదే కావచ్చు. లైను నింపాలంటే ఎంత డేటా గాల్లో ఉండాలో ఇలా తెలుస్తుంది: 100 ఎంబీపీఎస్ × 0.25 ÷ 8 = 3.1 ఎంబీ.

పరిష్కారాలు: ఒకేసారి నాలుగైదు పాయలుగా పంపే సాఫ్ట్‌వేర్ వాడండి. లేదా దగ్గరలోని క్లౌడ్ సర్వర్‌కు ఎక్కించి, అవతలివాళ్లను అక్కడి నుంచి దించుకోమనండి. వేలకొద్దీ చిన్న ఫొటోలుంటే ముందు ఒకే జిప్ చేయండి, లేకపోతే ప్రతి ఫైలుకూ ఈ ఎదురుచూపు ఉంటుంది.

## 10. తేడా ఎన్ని రెట్లుందో చూసి తప్పు పట్టుకోండి

అనుకున్న అంకెను కనిపించిన అంకెతో భాగించండి. ఆ భాగఫలమే తప్పు ఎక్కడుందో చెబుతుంది.

- 8: బిట్లను బైట్లుగా చదివారు
- 1.25: 8బీ/10బీ కోత మరిచారు. సాటా, 5 జీబీపీఎస్ యూఎస్‌బీలను చూడండి
- 1.05 లేదా 1.07: విండోస్ 1024 లెక్క. లోపం ఏమీ లేదు
- 1.06: హెడర్ల కోత. ఇదీ లోపం కాదు
- 1.11 లేదా 1.12: పై రెండూ కలిసినప్పుడు. 125 అనుకుంటే 112 కనిపించడం ఇదే
- సుమారు 2: ఎదురుగా ఉన్న రెండు పరికరాలూ ఒకే వైఫై మీద ఉన్నాయి, లేదా ఒకే డిస్కులో చదవడం, రాయడం జరుగుతోంది
- 10, లేదా ఎంత ప్లాను మార్చినా 94 దగ్గర ఆగడం: దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు ఉంది

చివరిదాని మీద కాస్త శ్రద్ధ పెట్టండి. 200 ప్లానులో స్పీడ్ టెస్ట్ 93, 94 మధ్య కదలకుండా నిలిచిందంటే ఆపరేటర్‌కు ఫోన్ చేసే ముందు కేబులు చూడండి. గిగాబిట్‌కు కేబులులోని 8 తీగలూ కావాలి. ఒక్క తీగ క్లిప్పులో సరిగా కరవకపోయినా లింకు చప్పుడు లేకుండా 100కు దిగిపోవచ్చు. అడాప్టర్ స్టేటస్‌లో లింకు వేగం 100/100 అని ఉంటే కేబులు మార్చండి. మారకపోతే క్లిప్పు రెండు చివరలా మళ్లీ కొట్టించండి. అప్పటికీ అదే అయితే రౌటర్ లాన్ పోర్టే 100ది కావచ్చు.

వేగం ఒకే చోట నిలవకుండా ఎగిరి పడుతుంటే అది యూనిట్ల తప్పు కాదు. డిస్కు క్యాష్, వైఫై, రద్దీ వేళ, ఈ మూడింటిని ఒక్కొక్కటిగా తప్పించి కొలవండి. లైనును వేరుగా ఐపెర్ఫ్3తో, డిస్కును వేరుగా క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌తో కొలిస్తే ఏది నెమ్మదో వెంటనే తేలుతుంది. రెండూ కలిపి కొలిస్తే ఎప్పటికీ తేలదు.

## 11. జవాబు రాసుకునే తీరు

అంకె ఒక్కటే రాస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. ఇలా రాయండి:

"ప్లాను అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్, పీపీపీఓఈ, కేబులు. గుణకం 0.936. ఫైలుకు 11.7 ఎంబీ/సె, విండోస్‌లో 11.2. అడ్డం పడేది లైను. 256 జీబీకి 6 గంటల 5 నిమిషాలు, భద్రతకు పదో వంతు కలిపి 6:40. కోటాలో వాడేది 256 జీబీ, హెడర్లతో సుమారు 270."

పంపే ముందు చూసుకోవాల్సినవి:

☐ ప్రతి అంకె పక్కన ఎంబీపీఎస్ లేదా ఎంబీ/సె ఉందా

☐ సాటా, 5 జీబీపీఎస్ యూఎస్‌బీలను 8తో భాగించలేదు కదా

☐ స్పీడ్ టెస్ట్ అంకెకు హెడర్ కోత మళ్లీ వేయలేదు కదా

☐ అప్‌లోడ్ పనికి డౌన్‌లోడ్ వేగం వాడలేదు కదా

☐ డిస్కు రాసే వేగమే తీసుకున్నారా

☐ 1024 చివర ఒక్కసారే వాడారా

☐ ముందు 5 జీబీ పంపి చూసి, వచ్చిన సమయం లెక్కకు పదో వంతు తేడాలోపే ఉందా. లేకపోతే పదో మెట్టుకు వెళ్లి భాగఫలం చూడండి, ఆ తర్వాతే మిగతా డేటా మొదలుపెట్టండి